తోచట్లేదంటే కంగారుపడకండి

(సెలవులకు ముందు ఒక ఆదివారం సాయంత్రం సింగరాయకొండలో, తల్లిదండ్రులతోనూ పిల్లలతోనూ ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, కుర్చీలున్నాయి. ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పాను, మొదటి బెంచీ ఎప్పుడూ ఖాళీయే. ఇప్పుడు చూస్తే పిల్లలు ముందుకొచ్చి కూర్చున్నారు, పెద్దవాళ్లు వెనక సర్దుకున్నారు. సరే, కానీండి.

బ్యానరు మీద 'వేసవి సెలవులు - మేధా వికాసం' అని రాశారు. అంత బరువైన మాట నేను మొయ్యలేను. నేను మాట్లాడేది మన ఇళ్లల్లో రోజూ వినిపించే ఇంకో మాట గురించి. మనకు బళ్లు మామూలుగా ఏప్రిల్ 24న మూస్తారు, జూన్ 12న తెరుస్తారు. అంటే 49 రోజులు. మొదటి మూడు రోజులు పండగే. నాలుగో రోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పిల్లవాడు మంచం మీద అటూ ఇటూ దొర్లి ఆ మాట అంటాడు. ఏ మాట?

(ముందు వరసలోంచి పిల్లలు: "తోచట్లేదు!")

అదీ. తోచట్లేదు. ఈ మాట వినగానే మనకు టెన్షన్. అమ్మ ఫోను ఇచ్చేస్తుంది. నాన్న సాయంత్రం బజారుకెళ్లి సమ్మర్ క్యాంపు ఫీజు ఎంతో కనుక్కుని వస్తాడు. నాయనమ్మ ఏమో "మా కాలంలో తోచకపోవడం అనేదే లేదు" అంటుంది. అది అబద్ధం. లేకపోతే తోచీ తోచనమ్మ తోడికోడలు పుట్టింటికి వెళ్లిందనే సామెత ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ మాటను ఒక్కసారి విప్పి చూడండి. తోచడం అంటే ఏంటి? మనసులోకి ఏదో ఒకటి రావడం. 'నాకు ఇలా తోచింది' అంటాం. తోచట్లేదు అంటే ఇంకా ఏమీ రాలేదు, లోపల ఖాళీగా ఉంది అని. కాసేపు ఖాళీగా ఉంటేనే కదా ఏదైనా వచ్చేది! గదిలో సామాను నింపేసి, చుట్టం రాలేదేమని ఎదురు చూస్తే ఎట్టా వస్తాడు? వచ్చినా కూర్చునే చోటుండొద్దూ? పిల్లవాడు తోచట్లేదన్న అయిదో నిమిషంలో మనం ఫోను పెడతాం, క్లాసు పెడతాం, ఇంకో వర్క్‌బుక్కు పెడతాం. వాడికి తోచే అవకాశమే ఇవ్వం.

ఈ తప్పు నేనూ చేశాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. మా అబ్బాయి ఏడో తరగతి అయ్యాక, సెలవుల్లో ఊరికే తిరుగుతున్నాడని ఒక కోచింగులో చేర్పించాను. ఎనిమిదో తరగతి లెక్కలన్నీ ముందే చెప్పేస్తారని పేరు. పొద్దున ఏడింటికి బస్సెక్కేవాడు, మధ్యాహ్నం ఎండకు వాడిపోయి వచ్చేవాడు. నలభై రోజులు. జూన్‌లో బడి తెరిచాం. వాడి సెక్షనుకు లెక్కలు నేనే. బీజగణితం మొదటి పాఠం, నాకు చాలా ఇష్టమైన పాఠం. ఎక్స్ అంటే ఏంటో ఒక పొడుపు కథ లాగా మొదలుపెడతాను. క్లాసంతా కళ్లు పెద్దవి చేసుకుని వింటోంది. మూడో బెంచీలో మా వాడు ఆవలించాడు. పొడుపు కథ విప్పకముందే జవాబు తెలిసిపోయిన వాడికి ఏం ఉత్సాహం ఉంటుంది? డబ్బు కట్టి మరీ నా కొడుక్కి నా పాఠం మీద ఆసక్తి పోగొట్టాను. వాడికి ఇప్పుడు నలభై దాటాయి. ఇప్పటికీ ఎండాకాలం అంటే ఆ బస్సు వాసనే గుర్తొస్తుందంటాడు.

అలాగని సెలవుల్లో చదువు మరిచిపోవడం ఉత్త మాట కాదు. అమెరికాలో కూపర్ అనే ప్రొఫెసరు, ఆయన తోటివాళ్లు కలిసి అప్పటిదాకా వచ్చిన 39 అధ్యయనాలను దగ్గర పెట్టుకుని చూశారు. 1996లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సెలవులయ్యేసరికి పిల్లలు సుమారు నెల రోజుల చదువు వెనకబడుతున్నారని లెక్క తేలింది. అందులోనూ లెక్కల్లో ఎక్కువ. చదవడం దగ్గరికొస్తే, పేద ఇళ్ల పిల్లలు ఎక్కువ నష్టపోతున్నారు. కారణం ఊహించడం కష్టమేం కాదు. పుస్తకాలున్న ఇంట్లో పిల్లవాడు ఎండాకాలం కూడా ఏదో ఒకటి చదువుతాడు, లేని ఇంట్లో చదవడు. లెక్కలు మాత్రం ఎవరింట్లోనూ సరదాకి చెయ్యరు. చిక్కంతా అక్కడే ఉంది. ఎక్కాలు అప్పజెప్పించుకోకుండా లెక్క ఇంట్లోకి ఎట్టా రావాలి? నాకు తెలిసిన దారి ఒకటి చెప్తాను, కొంచెం సేపు పడుతుంది, ఓపిక పట్టండి.

గవ్వలు. అష్టాచెమ్మా ఎంతమందికి వచ్చు? చెయ్యెత్తండి. చూశారా, అమ్మలందరికీ వచ్చు, పిల్లల్లో నలుగురికి. అయిదు గళ్లు నిలువు, అయిదు గళ్లు అడ్డం, నాలుగు గవ్వలు. నోరు పైకి పడ్డ గవ్వలు ఎన్నో అన్ని గళ్లు కదలాలి. నాలుగూ నోరు తెరిస్తే చెమ్మా, నాలుగు గళ్లు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది గళ్లు. మొన్న సంక్రాంతికి మా మనవరాలు వచ్చింది, అయిదో తరగతి. నాతో ఆడుతూ వరసగా ఓడిపోయింది. ఆరో ఆటకు గవ్వలు విసిరికొట్టి, "తాతయ్యా, నీకు రెండ్లు పడాలంటే రెండ్లు పడుతున్నాయి, నువ్వేదో చేస్తున్నావు" అంది.

నేనేమీ చెయ్యట్లేదు. కానీ ఆ అనుమానం చాలా విలువైంది. నేను జవాబు చెప్పలేదు. "అయితే పట్టుకో, దొంగతనం నిరూపించు" అన్నాను. మార్కాపురం పలక ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది, చెక్క చట్రం కాస్త వదులైంది గానీ బాగానే ఉంది. దాని మీద అయిదు గళ్లు గీసింది. ఒకటి, రెండు, మూడు, చెమ్మా, అష్టా. గవ్వలు వెయ్యడం, పడ్డ గడిలో గీత పెట్టడం. నాలుగు గీతలయ్యాక అయిదోది అడ్డంగా కొట్టడం. ఒంటిగంటకు మొదలుపెట్టింది, మూడున్నర దాకా లేవలేదు. మధ్యలో వాళ్లమ్మ వచ్చి "ఏందమ్మా, అన్నం తిన్న చెయ్యి కూడా కడగలేదు" అని తిట్టి వెళ్లింది.

ఒక వంద సార్లు అయ్యేసరికి తనే పట్టుకుంది. రెండు ఎక్కువ పడుతోంది, చెమ్మా అష్టా తక్కువ. ఎవరు వేసినా అంతే. నేను దొంగను కాదని తేలింది. కానీ ఎందుకట్లా? దానికి గవ్వలు నాలుగింటికీ పేర్లు పెట్టింది. ఒకటి నోరు తెరవొచ్చు లేదా మూసుకోవచ్చు. రెండు గవ్వలైతే నాలుగు రకాలు. మూడైతే ఎనిమిది. నాలుగైతే పదహారు. ఆ పదహారూ పలక మీద రాయించాను. చెమ్మా ఒకే ఒక్క రకంగా పడుతుంది, అష్టా కూడా అంతే. ఒకటి పడటానికి నాలుగు దారులు, మూడుకీ నాలుగే. రెండుకి మాత్రం ఆరు దారులున్నాయి. అదీ సంగతి. సంభావ్యత అని పై తరగతుల్లో పాఠం వస్తుంది. ఆ పిల్లకి ఆ మాట నేను చెప్పలేదు. చెప్తే ఆట కాస్తా పాఠమై కూర్చునేది.

అక్కడితో అయిపోలేదు. లెక్క ప్రకారం చెమ్మా, అష్టా సమానంగా పడాలి కదా. పలక మీద సమానంగా లేవు. నేను కూడా ఆలోచనలో పడ్డాను. తనే అంది, "గవ్వకి ఒక పక్క వీపు గుండ్రంగా ఉంది, ఒక పక్క చదునుగా ఉంది, రెండూ ఒకటి ఎట్టా అవుతాయి?" అని. అప్పుడు వాళ్ల నాయనమ్మ చింతగింజలు తెచ్చి, గరుకు బండ మీద ఒక పక్క తెల్లగా వచ్చేదాకా అరగదీసి ఇచ్చింది. పాతకాలం పాచికలు అవే. వాటితో మళ్లీ వంద. ఈసారి వేరే లెక్క వచ్చింది. ఏది ఎంత పడిందో నేను చెప్పను. ఇంటికెళ్లి మీరే వేసి చూడండి. మీ గవ్వలు వేరు, మా గవ్వలు వేరు.

మీరు ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ రెండున్నర గంటలూ నేను పక్కన కుర్చీలో కూర్చుని సగం నిద్రపోయాను. పెద్దవాళ్లు చెయ్యాల్సింది అంతే, పక్కన ఉండటం. జవాబు మనకూ తెలియని ప్రశ్న దొరికితే ఇంకా మంచిది. మనం నటించనక్కర్లేదు.

పులి-మేక కూడా అలాంటిదే. మూడు పులులు, పదిహేను మేకలు. పాత గుళ్ల అరుగుల మీద చెక్కిన గళ్లు మన పక్క చాలా చోట్ల కనిపిస్తాయి, పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. ఎవరి వైపు ఆడితే గెలవడం తేలికో వాళ్లనే తేల్చమనండి. అన్నదమ్ములు వారం రోజులు పోట్లాడుకుంటారు, అది మంచి పోట్లాట. వామనగుంటలు, అచ్చంగాయలు, వీటి గురించి మీకు నేను చెప్పేదేముంది!

ఇప్పుడు వంటింట్లోకి వెళ్దాం. మే నెల అంటే మనకు మామిడికాయ. పక్కనే ఉలవపాడు, చెప్పేదేముంది. ఆవకాయ పెట్టే రోజు పిల్లల్ని "కారం కళ్లల్లో పడుతుంది, అవతలికి పో" అని తరిమేస్తాం. కారం సంగతి నిజమే, దూరంగానే కూర్చోబెట్టండి. కానీ లెక్క రాసే పని వాళ్లకివ్వండి. నాయనమ్మ గ్రాముల్లో చెప్పదు. 'సోలెడు ఆవపిండి, తలకొట్టి సోలెడు ఉప్పు' అంటుంది. సోల అంటే ఎంత? నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఇది మా తాత నోట నేర్చుకున్న ఎక్కం. ఇంట్లో పాత ఇత్తడి సోల ఉంటే బయటికి తీసి, లీటరు నీళ్ల సీసాతో ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో కొలవమనండి. పక్కింటి సోల తెప్పించి దాన్నీ కొలవమనండి. రెండూ ఒకటే అయితే మీ అదృష్టం. తేడా వస్తే ఆ పిల్లవాడు వీధి వీధంతా సోలలు అడుక్కుంటా తిరుగుతాడు, నాకు తెలుసు. కొలతలకు ఒక ప్రమాణం ఎందుకు కావాలో సైన్సు పుస్తకంలో అర పేజీ ఉంటుంది. ఆ అర పేజీ వాడికి జన్మలో మర్చిపోవడం ఉండదు.

ఇంకో సంగతి. కొలిచింది రాయించండి, తారీకు వేసి. రెండు వాక్యాలు చాలు. 'ఈ రోజు ఇరవై కాయలు కొట్టారు. రెండు టెంకలు పుచ్చిపోయాయి. నాయనమ్మ కాయలమ్మిన అబ్బాయిని తిట్టింది.' ఇది చాలు. అక్షరదోషాలు దిద్దకండి. నేను మాస్టార్ని, దిద్దకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా దిద్దకండి.

ఇక సముద్రం. పాకల మనకు కూతవేటు దూరం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. బడి సెలవులూ వేట సెలవులూ దాదాపు ఒకేసారి పడతాయన్న మాట. మిగతా రోజుల్లో తెల్లవారకముందే సముద్రంలో ఉండే మనుషులు ఈ రెండు నెలలూ గట్టు మీద కూర్చుని వలలు బాగు చేసుకుంటుంటారు, పడవలకు రంగులేసుకుంటుంటారు. సాయంత్రం పూట పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. ఊరికే చూడమనకండి, చూసి వచ్చెయ్యడం వల్ల ఏమీ మిగలదు. ఒక పెద్దాయన పక్కన కూర్చోబెట్టి ముడి నేర్చుకోమనండి. వలలో కన్ను కన్నుకీ ఒకే కొలత రావడానికి మధ్యలో ఒక బద్ద పెట్టి దాని చుట్టూ దారం తిప్పుతారు. చూడ్డానికి తేలిక, చేతికి రాదు. నేను అరగంట ప్రయత్నిస్తే నా వలలో చేప కాదు, ఏనుగు దూరేటంత కన్ను వచ్చింది. "మాస్టారూ, మీరు లెక్కలు చెప్పుకోండి" అన్నాడు ఒకాయన. ఒకప్పుడు నా దగ్గర లెక్కల్లో తప్పినవాడే. మీ పిల్లలకు అక్కడ ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. బళ్లో వెనక బెంచీ అయిన పిల్లవాడు, ఆ పల్లెకారు పిల్లవాడు, అక్కడ గురువు. మీ వాడి వేళ్లు పట్టుకుని ముడి వేయిస్తాడు. జూన్‌లో బడికెళ్లాక వాళ్లిద్దరి మధ్య వ్యవహారం వేరేగా ఉంటుంది.

సముద్రం అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి, నవ్వకుండా చెప్పాలి. ప్రతి ఎండాకాలం పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఈతకెళ్లిన పిల్లలు. చెరువులో, కాలవలో, సముద్రంలో, చీమకుర్తి వైపు నీళ్లు నిండిన క్వారీ గుంతల్లో. క్వారీ గుంత చెరువు లాంటిది కాదు, ఒడ్డు నుంచే నిట్టనిలువునా లోతుంటుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఈత నేర్పించండి, తప్పకుండా నేర్పించండి. కానీ నడుముకి తాడు కట్టి గట్టు మీద ఈతొచ్చిన మనిషి నిలబడి నేర్పించాలి. పిల్లలు పిల్లలే కలిసి నీళ్ల దగ్గరికి వెళ్లకూడదు. ముందు వరసలో ఉన్నవాళ్లు, విన్నారా? మునిగిపోయేవాడిని కాపాడదామని దూకొద్దు. తాడు, చీర, పొడుగు కర్ర, ఏదుంటే అది విసరండి, కేకలు వెయ్యండి. అంతే.

ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? పదకొండు నుంచి నాలుగింటి దాకా ఇంటి పట్టునే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మనుషులెంత? ఆ అయిదు గంటలకే గవ్వలూ పలకా, పుస్తకమూ. గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి, పుస్తకాలు ఇంటికి ఇస్తారు. పిల్లవాడు పుస్తకం సగంలో వదిలేస్తే వదిలెయ్యనివ్వండి. మీరు టీవీలో సినిమా నచ్చకపోతే మార్చట్లేదా? ఇంట్లో ఫోను ఉంది కదా, ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగానే ఉన్నాయి. పడుకునేటప్పుడు ఒకటి చదివించండి. వీలైతే ఒక రోజు పొద్దున రైలెక్కించి వేటపాలెం తీసుకెళ్లండి. అక్కడి సారస్వత నికేతనం 1918లో పెట్టారు. ఇప్పుడున్న భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత పత్రికలు కట్టలు కట్టలుగా దాచారు. మీ తాత పుట్టిన సంవత్సరం పేపరు చూపించమని అడగండి, వాళ్ల దగ్గరుంటే ఆ రోజు బంగారం ధర చూసి మీ పిల్లలు ఆశ్చర్యపోతారు, మీరు బాధపడతారు.

ఫోను గురించి అడుగుతారని తెలుసు. ఇందాకే ఒకమ్మ చీటీ పంపింది. 'మా వాడు ఫోను లేకపోతే అన్నం తినడు' అని రాశారు. అమ్మా, ఫోను లాక్కుంటే వాడి చేతిలో ఏం మిగులుతుంది? ఏమీ లేకపోతే రోజంతా మీతో యుద్ధమే. ముందు చేతికి ఇంకోటి ఇచ్చి, తర్వాత దాన్ని తీసుకోండి. ఫోనునే పనిముట్టు చెయ్యండి. తాత గొంతు రికార్డు చెయ్యమనండి. 'తాతా, పొగాకు ఆరబెట్టే కొట్టు, ఆ బేరను, ఎట్టా కాల్చేవాళ్లు? రాత్రంతా ఎందుకు మేలుకునేవాళ్లు?' అని అడగమనండి. పొగాకు పండించిన ఊళ్లు మనవి, ఆ పని మాటలు ఆ తరంతోనే పోతున్నాయి. మనవడు అడిగితే తాత రెండు గంటలు చెప్తాడు. కొడుకు అడిగితే చెప్పడు, అది వేరే కథ. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. భోజనాల దగ్గర మీ ఫోను ఎక్కడుంటోంది?

నాటకాలంటే పిచ్చి ఉన్న పిల్లల్ని తిట్టకండి. ఈ జిల్లాకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ ప్రకాశం పంతులు గారికి చిన్నప్పుడు నాటకాల పిచ్చి. వాళ్లమ్మ ఒంగోల్లో పూటకూళ్ల ఇల్లు నడిపి చదివించింది. చీర పరదా కట్టి, నలుగురు పిల్లలు వీధిలో వేషం వేస్తే, మీరు పోయి కూర్చుని పది రూపాయల టికెట్టు కొనండి.

వెనక వరసలో కూర్చున్న వాళ్లు కొందరు మనసులో ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. ఇదంతా ఇంటి పట్టున ఉండేవాళ్లకి, పొద్దున్నే రొయ్యల చెరువు దగ్గరికో, మామిడి కోతకో, షాపుకో పోయే మా సంగతేంటి అని. న్యాయమైన ప్రశ్న. మీ పిల్లలే ఎక్కువసేపు ఒంటరిగా ఉండేది. నాకు తోచిన ఉపాయం ఒక్కటే. ఒక వీధిలో అయిదారు ఇళ్లు కలవండి. ప్రతి ఇంట్లో ముసలివాళ్లో, ఆ రోజు పనికి పోని వాళ్లో ఒకరుంటారు. వంతులేసుకుని మధ్యాహ్నం పూట పిల్లలందరూ ఒకరి అరుగు మీద ఉండేట్టు చూసుకోండి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు కథ చదివి వినిపించాలి. చదివి వినిపించే పిల్లకే ఎక్కువ లాభం, అది నేను క్లాసులో ఏళ్ల తరబడి చూశాను. అన్నట్టు, ఇంటి పని ఆడపిల్లకి, ఆట మగపిల్లవాడికి అని పంచకండి. ఆవకాయ లెక్క వాడూ రాయొచ్చు, కర్ర పాతేది ఆ పిల్లా పాతొచ్చు.

కర్ర అన్నాను కదా, చివరికి దానికోసమే వచ్చాను.

ఏడాదిలో రెండు రోజులు మన ఊళ్లో నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు రోజూ నడినెత్తిన ఉంటాడని మనం అనుకుంటాం. ఉండడు, కొంచెం దక్షిణానికో ఉత్తరానికో వాలి ఉంటాడు. సరిగ్గా నెత్తి మీదికొచ్చేది ఆ రెండు రోజులే. కర్కాటక రేఖ దాటి ఉత్తరాన ఉన్నవాళ్లకు, ఢిల్లీ వాళ్లకు, అది ఎప్పటికీ రాదు. మన సింగరాయకొండకు ఒకటి మే 1న గానీ 2న గానీ వస్తుంది. మళ్లీ ఆగస్టులో వస్తుంది గానీ అప్పుడు మబ్బులూ బడీ రెండూ అడ్డం. మే అయితే సెలవులే.

ఆ నీడ లేని గీత బస్సు లాగా వస్తుంది. రోజుకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు ఉత్తరానికి జరుగుతుంది. ఏప్రిల్ 28 ప్రాంతంలో గూడూరు, 29న నెల్లూరు, నెలాఖరుకు కావలి, తర్వాత మనం, మరుసటి రోజుకు ఒంగోలు. నెల్లూరులో మీ పిన్ని కొడుకో మేనత్త కూతురో ఉంటే వాళ్ల చేత 29న కర్ర పాతించి, మీరూ అదే రోజు పాతండి. అక్కడ నీడ మాయం, ఇక్కడ ఇంకా చిన్న నీడ ఉంటుంది, దక్షిణం వైపుకు కాదు, ఉత్తరం వైపుకు. కొలిచి ఫోన్లో చెప్పుకోండి. ఇద్దరి మధ్య దూరం, ఆ నీడ పొడవు, ఈ రెండిటితో భూమి చుట్టుకొలత కట్టొచ్చు. రెండు వేల ఏళ్ల కింద ఎరటోస్తనీస్ అనే ఆయన ఈజిప్టులో చేసిన పని ఇదే. కాకపోతే ఆయనకు ఎక్కువ దూరం దొరికింది. మనకు నెల్లూరుకు తొంభై కిలోమీటర్లే, మీటరు కర్రకు సెంటీమీటరున్నర నీడే వస్తుంది, కొలతలో చిన్న పొరపాటు జరిగినా భూమి నలిగిపోతుంది. నలగనివ్వండి, మరుసటి ఏడు ఇంకా పొడుగు కర్ర పాతుదురు గాని.

గడియారం పన్నెండు కొట్టగానే నీడ పోదు. పిల్లలూ, ఇది మీకే చెప్తున్నా. దేశమంతటికీ ఒకే గడియారం, 82న్నర డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది. ఆ గీత మన కాకినాడకు దగ్గరగా పోతుంది. మనం దానికి పడమరగా రెండున్నర డిగ్రీల దూరంలో ఉన్నాం. డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంటే పది నిమిషాలు ఆలస్యం. మే మొదట్లో సూర్యుడు గడియారం కంటే మూడు నిమిషాలు ముందు నడుస్తాడు, ఆ మూడూ తీసెయ్యండి. పన్నెండూ ఏడుకి అటూ ఇటూగా చూడండి. కర్ర నిటారుగా ఉందో లేదో తెలియాలంటే దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీయండి, తాపీ మేస్త్రీ గుండు కట్టినట్టు. కర్ర లేకపోతే ఇంట్లో గ్లాసు బోర్లించినా చాలు, చుట్టూ నీడ అంచే కనిపించదు. గ్లాసు నేల మీద అతికించిన బొమ్మ లాగా ఉంటుంది. చూస్తే భలే వింతగా ఉంటుందిలే.

గ్రంథాలయం వాకిట్లో మే 1న, 2న రెండు రోజులూ మనం కర్ర పాతుదాం. పన్నెండు గంటలకు రండి. నెత్తిన తడిగుడ్డో టోపీయో ఉండాలి, మజ్జిగ సీసా తెచ్చుకోవాలి. ఎండలో పావుగంటకు మించి ఉంచను, పంపించేస్తాను. పెద్దవాళ్లు కూడా రావొచ్చు, గొడుగు మాత్రం కర్ర దగ్గర తెరవొద్దు.

ఏంటమ్మా? చెయ్యెత్తావు, అడుగు. మైకు ఇవ్వండి ఆ పాపకి.

("సార్, ఆ రోజు మబ్బు పడితే?")

మబ్బు పడితే మూడో తారీకు. కొంచెం నీడ ఉంటుంది గానీ, స్కేలు తీసుకురా, ఎంతుందో నువ్వే కొలుద్దువు గాని.